కౌంటీ కోర్టు కాగితాలు – 3వ పాఠం: పేరు నుంచి కేసు నంబరుకి, నంబరు నుంచి నకలుకి

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కాపురమున్న దంపతులు విడాకులు తీసుకున్నారు, ఆ ఫైలు ఏ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంటుంది? కాలిన్ అని రాసి ఊరుకున్నవాళ్ళకి సగం మార్కులే. ఫ్రిస్కో ఊరు ఒకటే గానీ కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటి మీదా పరుచుకుని ఉంటుంది. ఇల్లు ఏ వైపున ఉందో చూసుకోవాలి. అక్కడితో కూడా అయిపోలేదు. టెక్సస్‌లో భార్యాభర్తల్లో ఎవరో ఒకరు అంతకుముందు 90 రోజులుగా ఉంటున్న కౌంటీలో విడాకుల కేసు వెయ్యొచ్చు. గొడవపడి విడిగా ఉన్నాక ఒకరు ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంటు తీసుకుని ఉంటే ఫైలు డాలస్ కౌంటీలో తేలొచ్చు. అంటే జవాబు మూడు కౌంటీలు. మూడూ వెతకాలి.

గుమస్తాల సంగతి ఒక్కసారి నెమరేసుకుని ముందుకెళదాం. విడాకులు, పెద్ద సివిల్ దావాల ఫైళ్ళు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. పెళ్ళి లైసెన్సులు, ఇంటి దస్తావేజులు, కౌంటీ కోర్ట్ ఎట్ లా అనే కౌంటీ స్థాయి కోర్టులో నడిచిన సివిల్ కేసులు కౌంటీ క్లర్క్ దగ్గర. 20,000 డాలర్ల లోపు తగాదాలు, అద్దె ఇంటి ఖాళీ కేసులు జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో నడుస్తాయి, వాటి కాగితాలు అక్కడే ఉంటాయి. ఈ ముగ్గురూ ఒకరి ఫైలు ఇంకొకరు ఇవ్వరు. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి కోర్టు డిక్రీ అడిగితే ఎలా చూస్తారో, కౌంటీ క్లర్క్ కిటికీ దగ్గర విడాకుల డిక్రీ అడిగితే అలాగే చూస్తారు.

ఇక ఈ పాఠం. కేసు నంబరు చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. టెక్సస్‌లో దాన్ని కాజ్ నంబర్ అంటారు. దాని పోలిక తెలిస్తే పాత ఈమెయిల్‌లోనో, లాయరు బిల్లు మీదో కనబడ్డప్పుడు గుర్తుపడతారు. కాలిన్ కౌంటీలో 469-54321-2018 లాంటి వరస ఉంటుంది (ఇది నేను కల్పించిన నంబరు). మొదటి మూడంకెలు కోర్టువి, అంటే 469వ డిస్ట్రిక్ట్ కోర్టు. మధ్యలోది వరస సంఖ్య, చివరిది కేసు వేసిన సంవత్సరం. డాలస్‌లో ముందు రెండక్షరాలు వస్తాయి: డి-ఎఫ్ అంటే కుటుంబ కేసు, డి-సి అంటే డిస్ట్రిక్ట్ సివిల్. ఆ తర్వాత సంవత్సరం చివరి రెండంకెలు. డి-సి అని ఉన్న నంబరు పట్టుకుని విడాకుల కోసం వెతకడం వృథా.

నంబరు లేదనుకోండి, పేరుతో వెతకాలి. మన తెలుగువాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

కౌంటీ వెబ్‌సైట్లో కేసుల వెతుకులాట పేజీ తెరిస్తే రెండు గళ్ళు కనిపిస్తాయి: లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్. చాలా కౌంటీల్లో ఈ పేజీ వెనక నడిచే సాఫ్ట్‌వేర్ టైలర్ టెక్నాలజీస్ అనే కంపెనీది. ఆ కంపెనీ ఉండేది ప్లేనోలోనే, మనవాళ్ళ ఇళ్ళ మధ్యే. అయినా మన పేర్ల సంగతి ఆ గళ్ళకి తెలియదు. ఒక కల్పిత పేరు తీసుకుందాం: కొత్తపల్లి వెంకట లక్ష్మీ ప్రసన్న. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో కొత్తపల్లి ఉంటుంది. ఆఫీసులో అందరూ ప్రసన్న అంటారు కాబట్టి లాయరు దగ్గర ఫారం నింపినప్పుడు ప్రసన్న లాస్ట్ నేమ్ అయి కూర్చోవచ్చు. వెంకట ఫస్ట్ నేమ్ అయిపోతుంది, లక్ష్మీ మిడిల్ నేమ్ గడిలో ఒక్క ఎల్‌గా మిగులుతుంది. పెళ్ళయ్యాక పాస్‌పోర్టు మార్చుకుని ఉంటే భర్త ఇంటిపేరు మీద ఉండొచ్చు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళ సంగతి ఇంకో తమాషా. అమెరికా వీసా మీద ఆ ఒక్కటీ లాస్ట్ నేమ్ అవుతుంది, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్-ఎన్-యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. కోర్టు జాబితాలో అదే నిజం పేరులా దిగిపోతే మీరు ఎఫ్-ఎన్-యూ అనే వెతకాలి. నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది.

స్పెల్లింగు దగ్గర ఇంకో మడత పేచీ. మనం ‘త’ని టి-హెచ్ అని రాస్తాం, కొందరు ఉత్త టి రాస్తారు. కొత్తపల్లిలో ఒత్తు కూడా ఉంది కాబట్టి టి-టి-హెచ్ రాసేవాళ్ళూ ఉంటారు. లక్ష్మి కె-ఎస్-హెచ్‌తోనూ వస్తుంది, ఎక్స్‌తోనూ వస్తుంది. చౌదరిని ఎన్ని రకాలుగా రాస్తారో చెప్పక్కర్లేదు. కాబట్టి పూర్తి పేరు ఎప్పుడూ కొట్టకండి. మార్పు రాని ముక్క వరకే కొట్టి, ఆ పేజీ ఒప్పుకుంటే చివర నక్షత్రం గుర్తు (*) పెట్టండి. కొత్తపల్లికి కె-ఓ-టి, ఆపైన నక్షత్రం. ఎక్కువ ఫలితాలొస్తే సంవత్సరం తగ్గించుకోండి, కేసు రకం కుటుంబం అని ఎంచుకోండి. రెడ్డి లాస్ట్ నేమ్‌గా ఉన్న కేసుకి ఈ వల పనికిరాదు, తెరంతా రెడ్లే. అప్పుడు ఎదుటి పక్షం పేరుతో వెతకండి. ప్రతి కేసూ ఇద్దరి పేర్ల మీదా జాబితాలో ఉంటుంది, ఆ ఇద్దరిలో అరుదైన పేరు ఎవరిదైతే వాళ్ళది పట్టుకోవాలి. ఈ ఒక్క చిట్కా నాకు తట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

అసలు కౌంటీయే తెలియకపోతే? టెక్సస్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం ఉంది. 1968 నుంచి జరిగిన విడాకులకి వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది. అందులో ఎవరికెవరికి, ఏ తేదీన, ఏ కౌంటీలో అన్నంతవరకే ఉంటుంది. అది డిక్రీ కాదు, డిక్రీ బదులుగా చెల్లదు. ఫైలు ఎక్కడుందో చెప్పే దారిబోర్డుగా మాత్రం వాడుకోవచ్చు. ఇంకో మాట, పేసర్‌లో వెతికి దొరకలేదని దిగులుపడకండి. పేజీకి పది సెంట్లు తీసుకునే ఆ సైటు ఫెడరల్ కోర్టులది. వీసాల మీద ఇమిగ్రేషన్ శాఖపై వేసిన దావాలు, దివాలా కేసులు అందులో ఉంటాయి. మీ విడాకులు అందులో ఉండవు. పేరు కొట్టగానే ‘రికార్డు దొరికింది, 30 డాలర్లు కట్టండి’ అనే ప్రైవేటు సైట్ల జోలికి అసలు పోవద్దు. వాళ్ళు అమ్మేది కోర్టు కాగితం కాదు.

కేసు దొరికింది. శీర్షిక చూడండి. టెక్సస్ విడాకుల్లో ‘ఇన్ ద మ్యాటర్ ఆఫ్ ద మ్యారేజ్ ఆఫ్’ అని మొదలవుతుంది, పిల్లలుంటే ‘ఇన్ ద ఇంటరెస్ట్ ఆఫ్’ అని కిందకి ఇంకో వరస చేరుతుంది. దాని కింద తేదీలవారీగా జరిగినవన్నీ ఉంటాయి. మనకి కావలసింది ఫైనల్ డిక్రీ ఆఫ్ డివోర్స్ అన్న వరస. ఒరిజినల్ పిటిషన్ ఫర్ డివోర్స్ అంటే కేసు వేసిన కాగితం, అది తీర్పు కాదు. డిస్మిస్డ్ ఫర్ వాంట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ అని కనిపిస్తే ఆగండి. ఎవరూ పట్టించుకోక కేసు కొట్టేశారని దాని అర్థం. ఆ దంపతులు ఆ కేసులో విడిపోలేదు, మళ్ళీ కేసు వేసి ఉంటే దానికి ఇంకో నంబరు ఉంటుంది. కుటుంబ కేసుల్లో వరసలు కనిపించినా కాగితం తెరుచుకోకపోవడం మామూలే. కంగారుపడక్కర్లేదు, క్లర్కుని అడిగితే ఇస్తారు. డిక్రీ వరస పక్కన తేదీ, పేజీల సంఖ్య ఉంటే రాసిపెట్టుకోండి.

ఇప్పుడు అడగడం. మన కోర్టుల్లో నకలు దరఖాస్తు పెట్టడం తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా ఉంటుంది. ఎవరికీ చూపించొద్దని కోర్టు సీలు చేసిన ఫైలు కాకపోతే కోర్టు రికార్డు అందరిదీ. మీరు పార్టీ కానక్కర్లేదు, హైదరాబాద్‌లో ఉన్న తండ్రి కూడా అడగొచ్చు. డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లోనో, టపాలోనో పంపే అభ్యర్థన ఇంత చిన్నదిగా ఉంటే చాలు. కాజ్ నంబరు. ఇద్దరి పేర్లు, కోర్టు జాబితాలో ఎలా ఉంటే అలా, మీ దృష్టిలో తప్పుగా ఉన్నా సరే. కాగితం పేరు, దాని మీద సంతకమైన తేదీ. ఎన్ని కాపీలు. సర్టిఫైడా, మామూలుదా. ఎందుకన్నది చెప్పక్కర్లేదు గానీ భారతదేశంలో వాడటానికి అపొస్టిల్ (ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర) చేయిస్తామని మాత్రం తప్పక రాయండి, కాగితం మీద ముద్ర, క్లర్కు సంతకం ఉన్నది కావాలనీ రాయండి. లేకపోతే ఎలక్ట్రానిక్ కాపీ ఈమెయిల్‌లో వచ్చి కూర్చుంటుంది. ఫోనులో అడగాల్సి వస్తే ఈ వాక్యం బట్టీ పట్టండి: ‘ఐ నీడ్ వన్ సర్టిఫైడ్ పేపర్ కాపీ ఆఫ్ ద ఫైనల్ డిక్రీ, ఫర్ అపొస్టిల్.’ పేజీకి డాలరు చొప్పున లెక్క వేసుకోండి. సర్టిఫికేషన్ రుసుము విడిగా ఉందేమో ఆ కౌంటీ ఫీజుల పట్టికలో చూడండి. పిల్లలూ ఆస్తులూ ఉన్న డిక్రీలు నలభై యాభై పేజీలుండటం వింత కాదు, డబ్బులు పంపేముందు పేజీల సంఖ్య అడగండి.

కాపీ ఇంటికొచ్చాక ఒక జాగ్రత్త. మా బంధువుల అబ్బాయి డిక్రీ కవరు వచ్చిన రోజే స్కాన్ చేద్దామని మూలనున్న పిన్ను ఊడదీశాడు. పేజీలు చక్కగా స్కాన్ చేసి, మళ్ళీ అదే మూల కొత్త పిన్ను కొట్టాడు. పాత రంధ్రాలు, కొత్త రంధ్రాలు పక్కపక్కనే కనిపించాయి. ముద్ర ఉన్నది చివరి పేజీ మీద మాత్రమే. మధ్యలో పేజీ మార్చలేదని ఎవరు నమ్ముతారు? అపొస్టిల్ పంపిద్దామని వెళ్ళిన చోట దాన్ని పట్టుకుని చూసి వెనక్కిచ్చేశారు. మళ్ళీ ఫీజు, మళ్ళీ మూడు వారాలు. పిన్ను తియ్యకుండా పేజీలు మడిచి ఫోనుతో ఫొటోలు తీసుకోండి, లేదా మామూలు కాపీ ఇంకొకటి తెప్పించుకోండి.

అపొస్టిల్ ఇచ్చేది కౌంటీ కాదు, ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. కాగితానికి 15 డాలర్లు. అపొస్టిల్ ఒప్పందం మన దేశానికి 2005 జులై 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ ముద్రల గొడవంతా ఎందుకు అనేవాళ్ళకి ఒక కేసు చెబుతాను. 1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న జంటలో భర్త 1980లో అమెరికాలో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. ఇచ్చింది మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీలోని సర్క్యూట్ కోర్టు. మరుసటి ఏడు యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, మొదటి భార్య రెండో పెళ్ళి నేరం కింద కేసు పెట్టింది. అతను కోర్టులో చూపించింది డిక్రీ ఫొటోస్టాట్ కాపీ. దాని మీద ‘నిజమైన నకలు’ అని డిప్యూటీ క్లర్కు సంతకం కూడా ఉంది. 1991లో సుప్రీంకోర్టు దాకా వెళితే, ఫొటోస్టాట్ అయినందుకు తప్పు లేదు గానీ, అప్పటి సాక్ష్య చట్టం 86వ సెక్షన్ అడిగినట్టు అమెరికాలోని మన ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు కాబట్టి చెల్లదంది. ఆ డిక్రీ ఇచ్చే అధికారమే ఆ కోర్టుకి లేదన్నది అంతకన్నా పెద్ద దెబ్బ, దాని గురించి ఆరో పాఠంలో. (1991) 3 ఎస్‌సీసీ 451 అని వెతికితే తీర్పు దొరుకుతుంది, చదవండి. కాబట్టి మన కోర్టులో వెయ్యబోయే నకలైతే, అపొస్టిల్ చాలా, భారత కాన్సులేట్ ముద్ర కూడా కావాలా అన్నది ఇక్కడి వకీలుని ముందే అడిగి, ఆ తర్వాతే అమెరికాలో ఫీజు కట్టండి.

ఈ వారం లెక్క. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, గివెన్ నేమ్ దగ్గర ‘సత్యనారాయణ’ అని ఒక్క ముక్కే ఉన్న ఒకాయన 2016 ప్రాంతంలో సెయింట్ లూయిస్‌లో ఒక సివిల్ దావా వేశాడు. మిస్సోరీ కోర్టుల కేస్‌నెట్ సైట్లో లాస్ట్ నేమ్ గడిలో ఏం కొడతారు, ఫస్ట్ నేమ్ గడిలో ఏం కొడతారు? కనీసం నాలుగు జతలు రాయండి. ఆ ఒక్క పేరుని ఇంగ్లీషులో ఎక్కడెక్కడ విడగొట్టి రాయొచ్చో కూడా ఆలోచించండి. ఒక చిన్న సూచన: సెయింట్ లూయిస్ నగరం, సెయింట్ లూయిస్ కౌంటీ ఒకటి కావు. 1876లోనే విడిపోయాయి, ఎవరి కోర్టు వాళ్ళదే.

వచ్చే పాఠంలో ఇంటి ఓనరు మీద జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో గెలిచిన డిపాజిట్ కేసు కాగితాలు.