సొంత ల్యాప్‌టాప్‌లోనే ఏఐ మోడల్‌ను నడిపించుకోవడం ఎలా: తెలుగు రాతకోతలు చేసేవారికి

ఆస్తి దస్తావేజులు, వైద్య నివేదికలు, ఇంకా అచ్చుకు వెళ్లని రచనలు వంటివాటిని సారాంశం కోసమో తప్పులు దిద్దడానికో ఒక చాట్‌బాట్‌కు అప్పగించేటప్పుడు, అవి ఏ సర్వర్‌కు చేరుతున్నాయోనన్న జంకు కలగడం సహజం. మోడల్‌నే మన యంత్రంలోకి తెచ్చుకుంటే ఆ జంకు అక్కర్లేదు. 2023 మార్చిలో బల్గేరియాకు చెందిన జార్జి గెర్గనోవ్ లామా.సీపీపీ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేసిన తరువాత, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో సైతం భాషా మోడళ్లను నడపడం సాధ్యమైంది. దాని మీదే ఆధారపడిన, బటన్లతో పనిచేసే ఎల్ఎం స్టూడియో వంటి ఉచిత ప్రోగ్రామ్‌లు ఇప్పుడు ఉన్నాయి కనుక కమాండ్లు టైపు చేయవలసిన పని కూడా లేదు.

మొదట చూసుకోవలసింది ర్యామ్. మోడల్ మొత్తం అందులోకి ఎక్కితేనే పని సాగుతుంది. లెక్క తేలికే: 800 కోట్ల పరామితులున్న (శిక్షణలో మోడల్ నేర్చుకున్న సంఖ్యలను పరామితులు అంటారు) మోడల్‌లో, అంటే వాడుకలో 8బీ అనేదానిలో, ఒక్కొక్క పరామితికి 16 బిట్లు కేటాయిస్తే 16 జీబీ కావాలి; వాటిని 4 బిట్లకు కుదిస్తే 4 జీబీ చాలు. ఈ కుదింపునే క్వాంటైజేషన్ అంటారు. ఫైలు పేరు చివర క్యూ4, క్యూ8 అని కనిపించే గుర్తులు దీని గురించి చెప్పేవే. కొన్ని భాగాలను ఎక్కువ బిట్లలోనే ఉంచుతారు కనుక 8బీ మోడల్ క్యూ4 ఫైలు దాదాపు 5 జీబీ ఉంటుంది. 8 జీబీ ర్యామ్ ఉన్నవారు 4బీ మోడల్‌తో సరిపెట్టుకోవాలి. 16 జీబీ ఉంటే 8బీ హాయిగా, 12బీ కాస్త ఇరుకుగా నడుస్తాయి. క్యూ4 కంటే కిందికి కుదించినవాటి జోలికి పోవద్దని నా సలహా, ఎందుకంటే చిన్న మోడళ్లలో ఆ నష్టం ముందుగా బయటపడేది తెలుగు వంటి భాషల్లోనే.

వేగం కూడా ర్యామ్ మీదే ఆధారపడుతుంది. జవాబులో ఒక్కొక్క టోకెన్‌ను, అంటే పదపు తునకను, పుట్టించడానికి మోడల్ ఫైలంతటినీ ఒకసారి ర్యామ్ నుంచి చదవాలి. 3200 వేగం గల డీడీఆర్4 ర్యామ్ రెండు చానళ్లలో, అంటే ప్రాసెసర్‌కు చేరే రెండు దారుల్లో, సెకనుకు గరిష్ఠంగా 51.2 జీబీ అందించగలదు కనుక, 5 జీబీ మోడల్ సెకనుకు సుమారు 10 టోకెన్లకు మించి ఇవ్వదు. ఒకే చానల్ ఉంటే అందులో సగమే. ర్యామ్ పెంచుకోదలచినవారు 16 జీబీ కార్డు ఒక్కటి కొనేకంటే 8 జీబీ కార్డులు రెండు వేయించుకోవడం మేలు. దుకాణంలో ఈ సంగతి సాధారణంగా చెప్పరు.

ఇక తెలుగు విషయానికి వస్తే, మోడల్ అక్షరాలను కాక టోకెన్లు అనే తునకలను చదువుతుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. వత్తులు, గుణింతాల గుర్తులు కూడా విడివిడి సంకేతాలే. అందువల్ల ‘విశ్వవిద్యాలయం’ 14 సంకేతాలు, 42 బైట్లు అవుతుంది. తెలుగును అంతగా చూడని టోకెనైజర్ (పాఠాన్ని టోకెన్లుగా విడగొట్టే భాగం) దీన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది. మోడల్ ఎంపికలో అసలు మెలిక ఇదే. 2024 జూలైలో వచ్చిన మెటా సంస్థ మోడల్ లామా 3.1 అధికారికంగా మద్దతిచ్చే 8 భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరు సంస్థ సర్వం విడుదల చేసిన సర్వం-1 తెలుగుతో కలిపి 10 భారతీయ భాషలను పొదుపుగా టోకెన్లు చేస్తుంది గాని, అది వాక్యాన్ని కొనసాగించే మూల మోడల్. సంభాషణకు తీర్చిదిద్దినది కాదు. 2025 మార్చిలో గూగుల్ విడుదల చేసిన జెమ్మా 3 పదకోశంలో 2,62,000 టోకెన్లు ఉన్నాయి. 140కి పైగా భాషల్లో దానికి శిక్షణ ఇచ్చారు. తెలుగు పనికి కొత్తగా మొదలుపెట్టేవారు జెమ్మా 3లో 4బీ లేదా 12బీ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. లైసెన్సు షరతులు ఒక్కొక్క మోడల్‌కు ఒక్కొక్క తీరుగా ఉంటాయి కనుక వ్యాపారానికి వాడేవారు వాటిని చదువుకోవాలి.

ఎల్ఎం స్టూడియోను దాని అధికారిక సైటు నుంచే దించుకొని, అందులోని వెతుకుపెట్టెలో మోడల్ పేరు ఇచ్చి, ‘ఇన్‌స్ట్రక్ట్’ లేదా ‘ఐటీ’ అని (అంటే సంభాషణకు తీర్చిదిద్దినదని) ఉన్న క్యూ4 ఫైలును ఎంచుకోండి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 సదుపాయం లేని పాత యంత్రాల్లో ఇది పనిచేయదు. మోడల్‌ను తెరిచే ముందు కాంటెక్స్ట్ పరిధి, అంటే మోడల్ ఒకేసారి గుర్తుంచుకోగల టోకెన్ల సంఖ్య, ఎంతో చూడండి. ముందుగా పెట్టి ఉండే 4,096 టోకెన్ల వంటి చిన్న సంఖ్య తెలుగులో కొద్ది పేజీలకే నిండిపోతుంది. అలాగని గరిష్ఠానికి లాగితే ర్యామ్ చాలదు: లామా 3.1 8బీలో ఒక్కొక్క టోకెన్‌ను గుర్తుంచుకోవడానికి 128 కేబీ పడుతుంది, అంటే 8,192 టోకెన్లకు మోడల్‌కు అదనంగా 1 జీబీ. జవాబు ఎంత స్వేచ్ఛగా సాగాలో నిర్ణయించే టెంపరేచర్ అనే అమరికను 0.2 లేదా 0.3 వద్ద ఉంచితే మోడల్ సొంత కవిత్వం తగ్గుతుంది.

పొడవైన పత్రాన్ని ఫైలుగా జతచేస్తే, అది పరిధిలో పట్టనప్పుడు ప్రశ్నకు దగ్గరగా ఉన్న భాగాలు మాత్రమే మోడల్‌కు చేరతాయి. సారాంశం కావలసినవారు అధ్యాయాలుగా విడగొట్టి, పాఠాన్నే అతికించడం మేలు. అంతకుముందు పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. డీటీపీ కాలంనాటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను దాచేవి. అక్కడ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే పత్రాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చనిదే ఏ మోడలూ దాన్ని చదవలేదు.

చిన్న మోడళ్లు ఇంగ్లిష్ ఆదేశాలను మెరుగ్గా పాటిస్తాయి కనుక ఆదేశం ఇంగ్లిష్‌లో, పాఠం తెలుగులో ఇచ్చి, జవాబు తెలుగులో కావాలని అడగవచ్చు. సామెత చెప్పమంటే ఏ ఊళ్లోనూ ఎవరూ అనని సామెతను ధీమాగా పుట్టించగలవు. కనుక లోకజ్ఞానం కోసం వీటిని అడగకుండా, మీరిచ్చిన పాఠం వరకే పని చెప్పండి. మీకు కంఠోపాఠమైన రెండు పేజీల పత్రాన్ని ముందుగా ఇచ్చి, పేర్లు, తేదీలు, మొత్తాలు సారాంశంలో సరిగా వచ్చాయో లేదో చూసుకున్నాకే అసలు పత్రాల మీదికి వెళ్లండి. ఈ పరీక్షను వైఫై ఆపేసి చేయండి. అప్పుడూ జవాబులు వస్తుంటే మోడల్ నిజంగా మీ యంత్రంలోనే నడుస్తున్నదని తేలుతుంది.