నాన్న కట్టిన షెడ్డు పక్కవాళ్ల స్థలంలో ఉందంటే వారసులు ఏం చేయాలి

పెద్దకర్మ అయిన మర్నాడే పక్క స్థలం వాళ్లు వచ్చి, "మీ నాన్న మా జాగాలో వేసిన షెడ్డు తీసేయండి" అంటే చాలామంది "కట్టింది ఆయన, మాకేం సంబంధం" అనేస్తారు. ఇంకొందరు భయపడి ఏ కాగితమూ చూడకుండా సంతకం పెట్టేస్తారు. రెండూ నష్టమే.

ముందు విషయం ఎక్కడిదాకా వచ్చిందో తేల్చుకోండి. కోర్టు డిక్రీ (దావా తేల్చిన ఉత్తర్వు) ఉందా, దావా నడుస్తోందా, తహసీల్దారు నోటీసా, లేక నోటిమాటేనా? ఒక్కోదానికి దారి వేరు.

డిక్రీ ఉంటే సర్టిఫైడ్ కాపీ తీయించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ప్రకారం చనిపోయినవారి మీది డిక్రీని వారసుల మీద అమలు చేయించవచ్చు. అయితే బాధ్యత, ఆయన ఆస్తిలో మీ చేతికి వచ్చినంత మేరకే. తొలగింపుకు, కోర్టుకు కలిపి 3 లక్షలు తేలి, మీకు దక్కింది లక్షే అయితే లక్షతో సరి. అందుకే ఏ ఆస్తి ఎవరికి వచ్చిందో లెక్క రాసి కౌంటరులో (అమలు పిటిషనుకు మీరిచ్చే రాతపూర్వక జవాబులో) పెట్టండి, కోర్టు ఎలాగూ అడగవచ్చు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలూ వారసులే, నోటీసు వాళ్లకీ వస్తుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. షెడ్డు తాళం మీ దగ్గర పెట్టుకుని అద్దె వసూలు చేస్తుంటే, ఆ రోజు నుంచి ఆక్రమణ మీదే. దానికి "వచ్చిన ఆస్తి మేరకే" అన్న రక్షణ పనికిరాదు. అక్కర్లేని స్థలమైతే తాళం అప్పగించి రసీదు తీసుకోండి.

డిక్రీ ఏ రకమో కూడా చూడండి. కట్టడం తీసేయమనే మాండేటరీ ఇంజంక్షన్ అయితే అమలు కోరడానికి గడువు 3 ఏళ్లు. స్థలం స్వాధీనం ఇవ్వమనే డిక్రీకి 12 ఏళ్లు. గడువు దాటాక ఈ.పి. (అమలు పిటిషను) వేస్తే ఆ మాట కౌంటరులో ఎత్తాలి.

దావా నడుస్తుండగా తండ్రి చనిపోతే, వారసులను రికార్డు మీదికి తేవడానికి వాదికి 90 రోజుల గడువు. అది దాటిందని ధీమాగా ఉండకండి. ఆలస్యం మన్నించమని వాది అడగవచ్చు. ఆ లోగా షెడ్డు అమ్మినా ఉపయోగం లేదు, తీర్పు కొన్నవారికీ వర్తిస్తుంది.

ఉత్త నోటిమాటే అయితే, ముందు కొలత. ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు కొలతల పటం), తెలంగాణలో అలాంటిదే అయిన టిప్పన్ నకలు తీసుకుని, మండల సర్వేయరు చేత ఇరుపక్షాల ఎదుట కొలిపించండి. పాత ఎఫ్.ఎం.బి. పటాల్లో అంకెలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 7.92 అంగుళాలు, కాబట్టి 30 లింకులంటే 19.8 అడుగులు. దాన్ని 30 అడుగులని చదివి గొడవపడిన కుటుంబాలున్నాయి. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు స్థల హక్కుకు రుజువు కావు.

"12 ఏళ్లు దాటాయి, మాదే" అనే ముందు ఆలోచించండి. తండ్రి ఏళ్లూ మీ ఏళ్లూ కలుస్తాయి, నిజమే. కానీ ఆయన స్థలం యజమాని అనుమతితో ఉంటే అది ప్రతికూల స్వాధీనం (అనుమతి లేకుండా ఏళ్ల తరబడి బహిరంగంగా అనుభవించి హక్కు పొందడం) కాదు. జవాబులో "అనుమతితో కట్టారు" అనీ, "హక్కు వచ్చేసింది" అనీ రెండూ రాస్తే రెండో వాదన కూలుతుంది. ప్రభుత్వ భూమికైతే ఆ గడువు 30 ఏళ్లు. ప్రభుత్వ భూమి మీద తహసీల్దారు ఇచ్చే 1905 భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్ నోటీసు అప్పుడు భూమిలో ఎవరుంటే వాళ్లకే వస్తుంది, కట్టింది ఎవరని కాదు. గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి ముద్ర వేయించుకోండి. గడువిచ్చినా తీయకపోతే కట్టడం జప్తు కావచ్చు.

తీయక తప్పదని తేలితే మీరే తీయించుకోవడం మేలు. రేకులు, తలుపులు, ఇనుము మిగులుతాయి. కోర్టు ద్వారా తీయిస్తే ఖర్చు మీమీదే పడుతుంది. రాజీ కాగితంలో తేదీ, శిథిలాలు ఎవరు ఎత్తాలి, పాత అద్దె బకాయి మాఫీయా అన్నది రాయండి. పనికి ముందు మీటరు తీయించండి, ముందూ వెనకా ఫోటోలు తీయండి, తరువాత ఇంటి నంబరు రద్దు చేయించండి. డిక్రీ ఉంటే పూర్తిగా అమలైందని కోర్టులో మెమో దాఖలయ్యేలా చూడండి. అది లేకపోతే ఈ.పి. ఫైలు తెరిచే ఉంటుంది.