మాక్ డ్రాఫ్ట్‌లో మీ టీమ్ అవసరానికి తగ్గ ఆటగాణ్ణి పట్టుకోవడం ఎలా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టీమ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ జూన్ చివర్లో జరుగుతుంది. ఆ ఒక్కో వంతునే పిక్ అంటారు. మొదటి రౌండ్ మనకు తెల్లవారుజామున అయిదున్నరకు మొదలవుతుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్లలో దానికి ముందే తలా ఒక టీమ్ పంచుకుని మాక్ డ్రాఫ్ట్ (ఉత్తుత్తి డ్రాఫ్ట్) ఆడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. అందులో అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. ‘మా టీమ్‌లో మంచి సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) లేడు, అందుకని సెంటర్‌నే తీసుకుంటా’ అంటారు. టీమ్ అవసరం చూడాల్సిందే. కానీ అది ఎప్పటి అవసరం, దాని కోసం ఎంతవరకు దిగిరావచ్చు అన్నది తేల్చుకోకుండా పిక్ చేస్తే మాత్రం నష్టమే.

ముందు మీ టీమ్‌లోని పదిహేను మందినీ ఒక కాగితం మీద వరసగా రాయండి. ఒక్కో పేరు పక్కన వయసు, కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుందో, కోర్టులో అతను చేసే పనేంటో రాయండి. గార్డ్, ఫార్వర్డ్ అని స్థానం పేరు రాస్తే లాభం లేదు, పనే రాయాలి: బంతి చేతిలో పెట్టుకుని ఆట నడిపేవాడు, బంతి లేకుండా తిరుగుతూ త్రీ (గీత బయటి నుంచి మూడు పాయింట్ల షాట్) వేసేవాడు, ఎదుటి టీమ్ మొనగాణ్ణి కాసేవాడు, రిమ్ (బుట్ట) దగ్గర అడ్డుపడేవాడు. ఇప్పుడు రెండేళ్లలోపు కాంట్రాక్టు అయిపోయేవాళ్ల పేర్లు కొట్టేయండి. మిగిలిన పేర్లలో ఏ పనికి మనిషి లేడో అదే మీ అసలు అవసరం.

రెండేళ్ల లెక్క ఎందుకంటే, మొదటి రౌండ్ పిక్‌కి ఇచ్చే కాంట్రాక్టు నాలుగేళ్లది. మొదటి రెండేళ్లకు జీతం గ్యారంటీ, మూడు, నాలుగో ఏళ్లు ఉంచుకోవాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు చాలాసార్లు రెండో ఏడు చివరికో మూడో ఏటికో గానీ మ్యాచ్ గెలిపించే స్థాయికి రాడు. ఈ సీజన్‌లో పడ్డ చిల్లును ఫ్రీ ఏజెంట్‌తోనో (కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా ఉన్న ఆటగాడు), ట్రేడ్‌తోనో (వేరే టీమ్‌తో ఆటగాళ్ల మార్పిడి) పూడ్చుకోవచ్చు. డ్రాఫ్ట్ పిక్ ఆ పనికి కాదు.

తర్వాత ఆటగాళ్ల జాబితా. ఒకటి నుంచి ముప్పై దాకా నంబర్లు వేసి ఊరుకోకండి, మెట్లుగా విడగొట్టండి. ‘ఇతను దొరికితే చాలు, టీమ్ మారిపోతుంది’ అనిపించేవాళ్లు ఒక మెట్టు, ఏళ్ల తరబడి ఫస్ట్ ఫైవ్‌లో ఆడగలవాళ్లు ఇంకో మెట్టు, బెంచ్ మీద నుంచి వచ్చి ఒక పని బాగా చేసేవాళ్లు ఆ కింద. మెట్టుకీ మెట్టుకీ మధ్య అడ్డగీత గీయండి. మీ వంతు వచ్చినప్పుడు మిగిలినవాళ్లలో పై మెట్టులో ఎవరున్నారో చూడండి. ఆ మెట్టులో ఒక్కడే ఉంటే, మీకు అవసరం ఉన్నా లేకపోయినా అతన్నే తీసుకోండి. ముగ్గురుంటే అప్పుడు మీ అవసరాల కాగితం తీయండి. అవసరం కోసం గీత దాటి కింది మెట్టుకు దిగకూడదు.

దిగితే ఏమవుతుందో 1984 చెబుతుంది. పోర్ట్‌లాండ్‌కి రెండో పిక్ వచ్చింది. షూటింగ్ గార్డ్‌గా క్లైడ్ డ్రెక్స్‌లర్ అప్పటికే ఉన్నాడు, కావలసింది సెంటర్. దాంతో శామ్ బోవీని తీసుకున్నారు. మూడో పిక్‌లో మైకేల్ జోర్డాన్ షికాగోకి వెళ్లాడు. కాలి గాయాలతో బోవీ కాలేజీలోనే రెండు సీజన్లు ఆడలేదు. పోర్ట్‌లాండ్‌కి మొత్తం మీద ఆడింది 139 మ్యాచ్‌లే. అవసరం మీద చూపు నిలిచిపోతే కళ్ల ముందున్న గాయం కూడా చిన్నదిగానే కనిపిస్తుంది.

శాక్రమెంటో రెండు పద్ధతులూ చూసింది. 2018లో పాయింట్ గార్డ్‌గా డిఆరన్ ఫాక్స్ ఉండగా రెండో పిక్‌లో పొడగరి మార్విన్ బాగ్లీని తీసుకుని, తర్వాత పెద్ద స్టార్ అయిన, ఆట నడిపే లూకా డాన్చిచ్‌ను వదిలేసింది. 2020లో అదే ఫాక్స్ ఉన్నా, పన్నెండో పిక్ దాకా మిగిలిపోయిన గార్డ్ టైరీస్ హాలిబర్టన్‌ను తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో అతన్ని పంపి డొమాంటాస్ సబోనిస్‌ను తెచ్చుకుంది. మరుసటి సీజన్‌లో 48 మ్యాచ్‌లు గెలిచి, పదహారేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కి చేరింది. మంచి ఆటగాడు చేతిలో ఉంటే అతన్ని ఇచ్చి మీ అవసరం కొనుక్కోవచ్చు.

అయితే ఇద్దరు ఒకే పనివాళ్లయితే ఎక్కువకాలం నాన్చకండి. 2014లో డెన్వర్‌కి యూసుఫ్ నర్కిచ్, నలభై ఒకటో పిక్‌లో నికోలా యోకిచ్, ఇద్దరు సెంటర్లు ఒకే డ్రాఫ్ట్‌లో వచ్చారు. 2017లో నర్కిచ్‌ను పంపేటప్పుడు అతనితో పాటు ఒక ఫస్ట్ రౌండ్ పిక్ కూడా ఎదురివ్వాల్సి వచ్చింది. కూర్చోబెట్టినకొద్దీ ధర పడిపోతుంది.

ఇక ఒక్కో ఆటగాణ్ణి తూచడం. మొదట వయసు. ఒంగోలు గిత్తల బండలాగుడు పందేల్లో రెండు పళ్ల జతను ఆరు పళ్ల జతతో కలపరు, వేర్వేరు విభాగాలు పెడతారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అలా విడదీసేవాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లవాడూ ఇరవై మూడేళ్లవాడూ ఒకే కోర్టులో ఆడతారు, అంకెలు ఒకే పట్టికలో పడతాయి. విడదీసుకోవాల్సింది మీరే. పుట్టిన తేదీ చూసి, ఒకే వయసువాళ్ల అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. మ్యాచ్‌కి ఇన్ని పాయింట్లన్న లెక్క వదిలేసి నలభై నిమిషాలకు ఎన్ని అని చూడండి. లేకపోతే మంచి టీమ్‌లో ఇరవై నిమిషాలే ఆడినవాడు మరుగున పడతాడు.

షూటింగ్ దగ్గర చాలామంది మోసపోతారు. కాలేజీ సీజన్‌లో వంద త్రీలు వేసి ముప్పై అయిదు పడ్డాయంటే, అందులో అయిదు అటూ ఇటూ అదృష్టమే. దానికి తోడు ఎన్‌బీఏ త్రీ గీత మూలల్లో 22 అడుగులు, మిగతా చోట్ల 23 అడుగుల 9 అంగుళాలు. కాలేజీలో అది 22 అడుగుల ఒకటిముక్కాలు అంగుళాలే. అందుకని త్రీ శాతంతో పాటు ఫ్రీత్రో శాతం తప్పక చూడండి. ఎవరూ అడ్డులేకుండా, ఒకే దూరం నుంచి వేసేది కాబట్టి చేతివాటం అక్కడ దాగదు. ఎనభై దాటితే ధైర్యంగా నమ్మవచ్చు, అరవై అయిదులోపు ఉంటే త్రీ శాతం ఎంత బాగున్నా అనుమానించాలి. కవాయ్ లెనార్డ్ కాలేజీలో త్రీలు ముప్పై శాతంలోపే వేశాడు, ఫ్రీత్రోలు మాత్రం డెబ్బై అయిదు దరిదాపుల్లో ఉన్నాయి. 2011లో పదిహేనో పిక్ దాకా మిగిలాడు, ఎన్‌బీఏలో మాత్రం మంచి షూటర్ అయ్యాడు.

కొలతలకు మే నెలలో షికాగోలో జరిగే కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను కొలిచి పరీక్షించే శిబిరం) అంకెలనే నమ్మండి. అక్కడ బూట్లు విప్పించి కొలుస్తారు, కాలేజీలు రాసుకునే ఎత్తుల్లో అంగుళం, రెండంగుళాలు కలిసే ఉంటాయి. ఎత్తు కన్నా చాచిన చేతుల పొడవు ముఖ్యం. లెనార్డ్‌ది 7 అడుగుల 3 అంగుళాలు. సెంటర్ అయితే నిలబడి చెయ్యి పైకెత్తితే ఎంత ఎత్తు అందుతుందో చూడండి. తొమ్మిది అడుగులు అందకపోతే రిమ్ కాపలాకు కష్టం.

మీ టీమ్ ఇప్పుడే కప్పు కోసం ఆడుతోందా, మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటోందా అన్నది చివరి జల్లెడ. గోల్డెన్ స్టేట్ 2020లో రెండో పిక్‌తో జేమ్స్ వైజ్‌మన్‌ను తీసుకుంది. అతను కాలేజీలో ఆడింది మూడంటే మూడు మ్యాచ్‌లు. ముప్పై దాటిన స్టెఫెన్ కరీ పక్కన, గెలుపు కోసం ఆగలేని టీమ్‌లో పంతొమ్మిదేళ్ల సెంటర్‌కి తప్పులు చేసి నేర్చుకునే తీరిక దొరకలేదు, పైగా మోకాలి గాయం. 2023లో ట్రేడ్ అయిపోయాడు. అలాంటి టీమ్‌కి కింది పిక్‌ల్లో దొరికే ముదురు కుర్రాడు నయం. మాల్కమ్ బ్రాగ్డన్ 2016లో ఇరవై మూడేళ్ల వయసులో ముప్పై ఆరో పిక్‌గా వచ్చి రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ సీజన్ మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు.

మీ వంతు వచ్చేసరికి ఒకే మెట్టులో నలుగురు మిగిలి ఉంటే, రెండు మూడు స్థానాలు కిందికి జరిగి బదులుగా ఇంకో పిక్ అడగండి. 2017లో బోస్టన్ మొదటి పిక్‌ను ఫిలడెల్ఫియాకిచ్చి, మూడో పిక్‌తో పాటు ముందు ముందు వచ్చే ఒక ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకుంది. మూడో పిక్‌లో వాళ్లకు దొరికింది జేసన్ టేటమ్. ఎన్ని స్థానాలు జరిగినా మీ మెట్టు గీత దాటకూడదు. మీరు ఇవ్వాల్సి వస్తే, రాబోయే ఏళ్లలో వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా చేసుకునే ట్రేడ్, నిబంధనల ప్రకారం చెల్లదని గుర్తుంచుకోండి.

రెండో రౌండ్‌లో అవసరం మాట పక్కన పెట్టి, ఒక్క పనైనా గట్టిగా వచ్చినవాణ్ణి తీసుకోండి. అక్కడ జీతం గ్యారంటీగా ఇచ్చి తీరాలన్న నియమం లేదు కాబట్టి, పందెం తప్పినా టీమ్ మీద పెద్ద భారం పడదు. 2015లో డాలస్ యాభై రెండో పిక్‌తో మన పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్‌ను తీసుకున్నది ఈ లెక్కలోనే చూడాలి: ఏడడుగులు దాటిన ఎత్తు, ఆట ఇంకా నేర్చుకోవాల్సిన వయసు. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేకపోయాడు, దానివల్ల డాలస్ చెడిందీ లేదు.