ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనేముందు మూడో వరుసలో కూర్చుని చూడండి

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి, అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగగలరా అన్నది బ్రోషర్‌లో ఉండదు. ఇంట్లో పొడుగ్గా ఉన్నవాళ్లని చివరి వరుసలో కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీద తిప్పండి. ఏసీ గాలి సరిగ్గా వస్తోందో లేదో వాళ్లే చెబుతారు. తర్వాత ఆ సీట్లు లేపి ఉంచే డిక్కీ తెరవండి. హ్యుందాయ్ అల్కజార్‌లో అప్పుడు మిగిలేది 180 లీటర్లే, సీట్లు మడిస్తే 579. ఏడుగురూ తిరుపతి వెళ్లాలంటే పెద్ద సూట్‌కేసులు పైన క్యారియర్ మీదికే! పసిపిల్లలుంటే ఐసోఫిక్స్ (పిల్లల సీటుని కారు సీటుకి బిగించే కొక్కేలు) ఏ సీట్లకుందో అడగండి. కార్లని ఢీకొట్టించి భద్రత పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ పెద్దలకీ పిల్లలకీ విడివిడిగా స్టార్లు ఇస్తుంది, పిల్లల రేటింగ్ తప్పకుండా చూడండి.