విడాకుల ఆరు నెలల గడువు తీసేయమని కోర్టును ఎలా అడగాలి?

పెద్దల్లో కూర్చున్నారు, బంగారం, సామాన్ల లెక్క తేలింది, స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. మా శ్రీకాకుళం వైపు చాలామంది దాంతో విడాకులు అయిపోయాయనే అనుకుంటారు. అవ్వలేదు. ఆచారం ప్రకారం విడిపోయే కులాల సంగతి వేరు, మిగతావాళ్లకి కోర్టు డిక్రీ ఉండాల్సిందే. అలాగని ఆ కాగితం పారేయకండి, దాని మీదున్న తేదీతో పనుంది.

హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వెయ్యాలంటే అప్పటికే ఏడాది విడిగా ఉండాలి. వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగమంటారు, మనసు మారుతుందేమోనని. ఈ ఆరు నెలలు మాత్రం జడ్జి తీసేయొచ్చని 2017 సెప్టెంబరు 12న అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందు నెలలు లెక్కపెట్టుకోండి. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర దాటిందా అన్నది మొదట చూస్తారు. 2024 సంక్రాంతికి టెక్కలిలో పుట్టింటికొచ్చిన అమ్మాయి మళ్లీ వెళ్లలేదనుకోండి, 2025 ఆగస్టులో పిటిషన్ వేస్తే పద్దెనిమిది నెలలు దాటినట్టే. పెద్దల కాగితం, అద్దె రసీదులు, మార్చుకున్న ఆధార్ అడ్రసు, ఇలా విడిగా ఉన్నట్టు చూపించేవి ఏవున్నా జతచేయండి.

పిటిషన్ మీద మొదటి వాయిదాలో ఇద్దరి మాటా నమోదయ్యాక, వారం గడిస్తే గడువు మాఫీకి ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేసుకోవచ్చు. అఫిడవిట్ దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. "మాకు తొందరగా ఉంది" అని రాస్తే జడ్జిగారు ఎందుకు ఒప్పుకుంటారు? రాజీ ప్రయత్నాలు ఎప్పుడు జరిగాయి, ఎందుకు కుదరలేదు, భరణం ఎంత, ఎప్పుడు ఇచ్చేశారు, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, రెండోవాళ్లు ఏ రోజుల్లో చూడొచ్చు, ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులుంటే వాటిని ఎలా ముగిస్తున్నారు, ఇవన్నీ విడివిడిగా రాయించండి. డబ్బు సగమే ఇచ్చి మిగతాది తర్వాత చూద్దామనుకుంటే అక్కడే ఆగిపోతుంది, నా మాట వినండి. ఇంకా ఆగితే బాధ పొడిగించడం తప్ప ఒరిగేదేమీ లేదని మీ సొంత కారణంతో చెప్పాలి.

ఒకరు పనికోసం దూరంలో ఉంటే, ప్రతి వాయిదాకీ రైలెక్కి రావాల్సిన పనిలేకుండా వీడియో కాన్ఫరెన్స్‌కి అనుమతి అడగొచ్చు, ఆ తీర్పులోనే ఆ వెసులుబాటు ఉంది.

మాఫీకి ఒప్పుకోకపోతే విడాకులు కొట్టేసినట్టు కాదు. ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ కలిసి కోర్టును కదపాలి, అయితే పిటిషన్ వేసిన రోజు నుంచి 18 నెలలు దాటనివ్వకండి. లాయరుకి డబ్బుల్లేవంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకైతే ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగానే పెడతారు.