ఐర్లండ్‌కు కొత్తగా వచ్చారా? లైబ్రరీకి వెళ్ళి ఎడ్నా ఓబ్రియన్‌ను అడగండి

పీపీఎస్ నంబర్ (పన్నుకూ, ప్రభుత్వ సేవలకూ కావలసిన ఇక్కడి గుర్తింపు సంఖ్య), బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు. వీటి గురించి ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అవి కుదుటపడ్డాక లైబ్రరీ కార్డు తీసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు. 2019 నుంచి ఆలస్యానికి జరిమానా కూడా లేదు. మీ ఊళ్ళో లేని పుస్తకాన్ని వేరే ఊరి నుంచి తెప్పించి ఇస్తారు. మొదట ‘ది కంట్రీ గర్ల్స్’ అడగండి.

రాసింది ఎడ్నా ఓబ్రియన్. 1930లో క్లేర్ కౌంటీ టూమ్‌గ్రేనీలో పుట్టారు. డబ్లిన్ వచ్చి పగలు మందుల షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు ఫార్మసీ క్లాసులకు వెళ్ళేవారు. మనలో ఎంతమంది ఇప్పుడు ఇలాగే బతుకుతున్నారో! తర్వాత లండన్ వెళ్ళి మూడు వారాల్లో ఈ నవల రాశారు. పల్లె నుంచి డబ్లిన్ చేరిన ఇద్దరు స్నేహితురాళ్ళ కథ. 1960లో వచ్చింది. ఐర్లండ్ సెన్సార్ బోర్డు నిషేధించింది. ఆడపిల్లకూ కోరికలుంటాయని రాయడమే ఆమె చేసిన తప్పు. సొంత ఊళ్ళో చర్చి దగ్గర ప్రతులు తగలబెట్టారని ఆమె చెప్పేవారు. నన్ను మాత్రం వాళ్ళమ్మ సంగతే ఎక్కువ కలచివేసింది. తల్లి పోయాక ఆమె దాచిన ప్రతి దొరికింది. నచ్చని మాటలన్నీ సిరాతో కొట్టేసి ఉన్నాయట. చలాన్ని తిడుతూనే దిండు కింద పెట్టుకు చదివిన ఇళ్ళు మనవి. ఆ సిరా గీతలు మనకు కొత్త కాదు.

తర్వాతి నవలలనూ నిషేధించారు. అంతకన్నా పెద్ద అన్యాయం, నా దృష్టిలో, ఏళ్ళ తరబడి ఆమె అందం గురించీ విందుల గురించీ రాసినంతగా ఆమె వాక్యం గురించి రాయకపోవడం. ఆమె రాస్తూనే పోయారు. 80 దాటాక నైజీరియా వెళ్ళి, బోకో హరామ్ తీవ్రవాదులు ఎత్తుకుపోయిన అమ్మాయిల మీద 2019లో ‘గర్ల్’ తెచ్చారు. అప్పటికే 2015లో ఐర్లండ్ కళాకారుల సంస్థ ఈస్‌డానా ఆమెను తన అత్యున్నత గౌరవమైన ‘సీ’కి ఎన్నుకుంది. 2019లో ‘ది కంట్రీ గర్ల్స్’తో మొదలైన ఆ తొలి మూడు నవలలనే డబ్లిన్ నగరమంతా కలిసి చదివే పుస్తకంగా ఎంపిక చేశారు.

పక్కింటి పెద్దావిడతో మాట కలపాలంటే, ఆ పుస్తకం మొదటిసారి ఎప్పుడు చదివారో అడిగి చూడండి. చర్చి ప్రస్తావన మీరు తేవద్దు. చర్చి పెత్తనం చేసిన గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాళ్ళే ఎత్తితే మాత్రం ఓపిగ్గా వినండి.

ఆమె 2024 జూలైలో, 93 ఏళ్ళ వయసులో లండన్‌లో కన్నుమూశారు. అంత్యక్రియల ప్రార్థన టూమ్‌గ్రేనీలోనే జరిగింది. సమాధి లాక్ డెర్గ్ సరస్సులోని హోలీ ఐలండ్‌లో ఉంది. లిమరిక్‌లో ఉన్నవాళ్ళకు పెద్ద దూరం కాదు. వేసవిలో మౌంట్‌షానన్ నుంచి పడవలు వెళ్తాయి. ఎండ కాస్తున్నా జాకెట్ పట్టుకెళ్ళండి, సరస్సు మీద గాలి కోస్తుంది.