సాన్సాను తప్పుపట్టాలంటే ముందు నోట్‌బుక్ తీయండి

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్ ఏడో సీజన్ వచ్చింది 2017లో. దాని మాటెత్తితే కావలిలో మా ఇంట్లో ఇప్పటికీ వాదనే. ఇన్నేళ్లకు ఇల్లు చేరిన ఆర్యాతో, తమ కోట వింటర్‌ఫెల్‌ను ఏలుతున్న అక్క సాన్సా నడుచుకున్న తీరు నాకు మింగుడుపడలేదు. మీకూ అలాగే అనిపించి రాయాలనుకుంటే, "సాన్సా మంచిది కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. నేనెలా రాశానో చెబుతాను.

నాలుగో ఎపిసోడ్ నుంచి ఏడో ఎపిసోడ్ దాకా వరసగా చూడండి. ప్రతి సీన్‌కూ రెండు సంగతులు రాసుకోండి: అప్పటికి సాన్సాకు ఏం తెలుసు, గదిలో ఇంకెవరున్నారు. ఆర్యా బ్రావోస్ అనే దూరపు నగరంలో హంతకుల దగ్గర పడ్డ పాట్లు మనం చూశాం, అక్క చూడలేదు. చంపాల్సినవాళ్ల జాబితా ఉందని చెల్లెలు చెబితే తమాషా అనుకుని నవ్వింది. అది తప్పుగా లెక్కేయకండి.

"ఆ అక్కాచెల్లెళ్ల గొడవంతా, వాళ్ల మధ్య చిచ్చుపెట్టిన సలహాదారు లిటిల్‌ఫింగర్‌ను పట్టుకోవడానికి ఆడిన నాటకం" అని చాలామంది అంటారు. అప్పుడు రెండో సంగతి పనికొస్తుంది. ఆరో ఎపిసోడ్‌లో సాన్సా ఒక్కతే ఆర్యా గది వెతికింది. సంచిలో ఆర్యా వేషం మార్చడానికి వాడే, చచ్చినవాళ్ల ముఖాలు బయటపడ్డాయి. ఆ తర్వాత గదిలో ఉన్నది అక్కాచెల్లెళ్లు ఇద్దరే. మరి ఆ నాటకం ఎవరు చూడాలని?

నా కోపమంతా వాళ్లకు అండగా ఉన్న యోధురాలు బ్రియెన్ విషయంలో. వాళ్లమ్మకు మాటిచ్చి, ఆ ఇద్దరు ఆడపిల్లల కోసం తిరిగిన మనిషి ఆమె. ఇద్దరికీ సర్దిచెప్పగలిగిందీ ఆమె ఒక్కతే. సాన్సా ఆమెనే రాజధాని కింగ్స్ ల్యాండింగ్‌కు పంపేసింది. తన భయం మాత్రం ఎవరితో చెప్పుకుంది? తనను హింసించిన బోల్టన్ల చేతిలో పెట్టిన లిటిల్‌ఫింగర్‌తో.

ఇది నాకెందుకు ఇంత తగిలిందంటే, మా చెల్లి ఏడేళ్ల తర్వాత కువైట్ నుంచి వచ్చినప్పుడు నేనూ అదే చేశాను. నాన్న పోయాక ఇల్లూ, రొయ్యల చెరువు లెక్కలూ నా చేతిలో ఉన్నాయి. చెరువులో వాటా కోసమే వచ్చిందని బంధువు ఒకాయన అంటే నమ్మాను. పది రోజులు దాంతో ముభావంగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం అమ్మ ముందురోజు చేపల పులుసు కలిపి ఇద్దరికీ ఒకే పళ్లెంలో పెట్టింది. అక్కడ అడిగాను, ఎందుకొచ్చావే అని. అమ్మను చూడాలనిపించిందంది.

రాసింది మీ ఇంట్లో చిన్నవాళ్లకు చదివి వినిపించండి. మా చెల్లి విని, "చిన్నప్పుడు రాణి సెర్సీ చెప్పి రాయించిన ఉత్తరం పట్టుకుని అక్కను నిలదీయడం ఆర్యా తప్పు కాదా?" అంది. నిజమే, ఆ పేరా చేర్చాను.

తప్పు పాత్రదా, రాసినవాళ్లదా అన్నది కూడా విడదీయండి. జరిగినవన్నీ చూడగల తమ్ముడు బ్రాన్‌ను సాన్సా సాయం అడిగే సీన్ ఒకటి తీసి, చివరికి వాడలేదని బ్రాన్ పాత్ర వేసిన ఐజాక్ హెంప్‌స్టెడ్ రైట్ చెప్పాడు. అది ఉంటే నా విమర్శ సగానికి తగ్గేది.

ఏడో ఎపిసోడ్ చివర్లో కోటగోడ మీద, నువ్వు పడ్డవి నేనైతే తట్టుకునేదాన్ని కాదని ఆర్యా అంటుంది. తట్టుకునేదానివే, నాకు తెలిసినవాళ్లలో గట్టిదానివి నువ్వేనని సాన్సా అంటుంది. ఆ సీన్ గురించి తప్పకుండా రాయండి. ఆ మాటలు నాలుగో ఎపిసోడ్‌లో, నాన్న విగ్రహం ముందు కౌగిలించుకున్న రోజే రావాల్సింది.